పలకబండ మీది ఎఱ్ఱచుక్క

మార్కాపురపు ఇండ్లలో వాకిళ్లకు పలకబండ పరచుట వాడుక. ఆ నల్లని బండపై ఒకనాటి ప్రాతఃకాలమున ఎఱ్ఱని చుక్క యొకటి మెఱయుచుండుటఁ జూచి, మా యింట నెవరికో గాయమైనదని తొలుత భ్రమపడి, పిమ్మట నది ముప్పదియేండ్లు దాటిన మా పాతకారు ముందు చక్రముల నడుమనుండి రాలిన నూనె యని తెలిసికొంటిని. ఇంజను నూనె వాడిన కొలఁది నల్లఁబడును, బ్రేకు నూనె లేతపసుపు. మా బండిలో ఎఱ్ఱగా నుండునది పవర్ స్టీరింగు నూనె యొక్కటే.

కంభము దారిలోని షెడ్డుకు బండిని తీసికొని పోఁగా మేస్త్రి క్రింద దూరి చూచి, "నూనె పోస్తా ఉంటే నడుస్తాది సార్, కానీ అది రోగానికి మందు గాదు. ఏడ కారతా ఉందో ముందు చూడాల" అనెను. స్టీరింగు బాక్సును కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, ఆరిన పిమ్మట దానిపై సుద్దపొడి చల్లెను. బలపములును పలకలును పుట్టిన ఊరిలో ఇంతకంటె సహజమైన పరీక్ష యుండునా? ఇంజను నడిపించి చక్రమును ఎడమకుఁ ద్రిప్పఁగా పొడి పొడిగనే యుండెను. కుడికిఁ ద్రిప్పఁగా బాక్సు అడుగున, చక్రములను త్రిప్పు డ్రాప్ ఆర్మును మోయు షాఫ్టు బయటికి వచ్చు చోట, తెల్లని పొడిలో సన్నని ఎఱ్ఱని వలయ మొకటి వ్యాపించెను.

ఒక వైపు త్రిప్పినప్పుడే కారుట యేమి? బాక్సులోపల నొక పిస్టను కలదు. దానికి ఒక ప్రక్క నూనె నెట్టిన కారు కుడికి, మఱియొక ప్రక్క నెట్టిన ఎడమకుఁ దిరుగును. ఆ షాఫ్టు పిస్టను కిరుప్రక్కల నున్న గదులలో నొకదానిలో నిలిచి యుండుటచే, ఆ గదిలో ఒత్తిడి పెరిగినప్పుడే దాని సీలుకుఁ గష్టము. ఆ ఒత్తిడి స్వల్పము గాదు: చదరపు సెంటీమీటరుకు 70 కిలోలన్నను, 25 చదరపు సెంటీమీటర్ల పిస్టనుపై 1,750 కిలోల బలము పడును. మనము వ్రేలితోఁ ద్రిప్పు చక్రమునకు వెనుక నున్న బాహుబల మిదియే.

ఇట్టి బలమును గోడల నడుమ నిలుపుట యెట్లు? 1795లో జోసెఫ్ బ్రామా యను ఇంగ్లీషువాఁడు నీటి ఒత్తిడి యంత్రమునకు పేటెంటు పొందినప్పుడు ఆయనకు విఘ్నమైనది బలము గాదు, కారుటయే. పిస్టను చుట్టు బిగించినచో కదలదు, వదలినచో నీరు పోవును. ఆయన వద్ద పనిచేసిన హెన్రీ మాడ్స్లే ఆ చిక్కును విప్పినాఁ డందురు: చర్మమును గిన్నెవలె మలచి నోరు నీటి వైపునకు నిలిపిన, ఒత్తిడి పెరిగిన కొలఁది ఆ గిన్నె అంచు గోడకు మఱింత గట్టిగా నంటుకొనును. శత్రువు బలముతోనే కోటతలుపు బిగించు యుక్తి యిది! మన కరవుపల్లెల బోరింగు పంపులలో, లాగినను నీరు రానప్పుడు, మార్చుచు వచ్చిన తోలు వాషరు ఇదియే.

దాదాపు నూటముప్పదియేండ్ల పిమ్మట అదే చిక్కు అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ ముందు నిలిచెను. ఆయన 1887లో జన్మించి, హార్వర్డులోఁ జదివి, పియర్స్-ఆరో సంస్థ లారీల విభాగమున ఇంజనీరుగా నుండి, భారమైన బండ్లను ద్రిప్పలేక డ్రైవర్లు పడు పాట్లు చూచినవాఁడు. 1920ల దశకమున మెత్తని వెడల్పు టైర్లు వాడుకకు రాఁగా ఆ పాట్లు కార్లవారికిని సంక్రమించినవి. ఉద్యోగము విడిచి, మసాచుసెట్స్ లోని వాల్థమ్ పట్టణమున స్వంత పనిచోటు పెట్టికొని పరిశ్రమించిన డేవిస్ కనుగొన్న మర్మము, నూనెను ఎల్లవేళల ఒత్తిడిలో నుంచరాదనుట. చక్రము తిన్నగా నున్నంతసేపు వాల్వు తెఱచియే యుండును, పంపు నూనెను త్రోసినది త్రోసినట్లు తొట్టికి మరలివచ్చును. త్రిప్పినప్పుడు మాత్రమే వాల్వు కొంచెము జరిగి, దారి యిఱుకై, ఒత్తిడి పుట్టును. అవసరమైన క్షణమున మాత్రమే పుట్టు ఒత్తిడికి కారుటకుఁ గల అవకాశమును తక్కువయే.

1926 అక్టోబరులో ఆయన ఆ యంత్రము గల పియర్స్-ఆరో కారుతో డెట్రాయిట్ చేరి జనరల్ మోటార్స్ వారికిఁ జూపెను. వారు మెచ్చి ఒప్పందము చేసికొనిరి గాని, ఆర్థికమాంద్యపు దినములలో ఖర్చు గిట్టదని 1934లో విడిచిరి. మంచి వస్తువు సిద్ధమైన పిమ్మట ఇరువదియైదేండ్లు కొనువారికై వేచియుండుట చరిత్రలో క్రొత్త గాదు. నడుమ రెండవ ప్రపంచయుద్ధము వచ్చి కవచవాహనములకు దానిని వాడుకొనెను. 1951లో క్రైస్లర్ వారు తమ ఇంపీరియల్ కారులో దానిని అమ్మకమునకు తెచ్చిరి. మఱుసటి యేడే క్యాడిలాక్ కార్లలో డేవిస్ పద్ధతి కనవచ్చెను. అప్పటికి తోలు స్థానమున నైట్రైల్ రబ్బరు వచ్చియుండెను.

ఇఁక మా షెడ్డు కథ. ముందొకసారి ఇట్లే కారఁగా, ఒకచోట అదే కొలత గల మామూలు ఆయిల్ సీలు తెచ్చి వేసిరి. వారము తిరుగకయే అది నోరు తెఱచెను. లోపలికొలత, వెలికొలత, మందము మూఁడును సరిపోయినను, మామూలు సీలు అర కిలో ఒత్తిడికైన నిలువదని అప్పుడు నాకుఁ దెలియదు. ఈసారి ఒత్తిడికి నిలుచు సీలును నంబరు చెప్పి తెప్పించితిమి. పుల్లరుతో డ్రాప్ ఆర్ము నూడఁదీయఁగా అసలు దోష మగపడెను: పాతసీలు అంచు ఇన్నేండ్లు ఒరసిన చోట ఉక్కు షాఫ్టుపై గోరు తగిలిన పట్టుబడునంత గాడి. మేస్త్రి క్రొత్తసీలును ఒకింత వెలుపలికి నిలిపెను, దాని పెదవి గాడిపైఁ గాక నునుపైన చోట ఆనునట్లు. షాఫ్టు పండ్లకు టేపు చుట్టి మఱి జొనిపెను, ఆ పండ్లు క్రొత్తపెదవిని కోయకుండునట్లు. ఈ రెండు జాగ్రత్తలకుఁ బట్టినది పది నిముషములు. అవి లేకున్న దినమంతయు వ్యర్థము.

ఆ గాడిని చూచుచుండఁగా నాకు కంభము చెఱువుకట్ట స్మృతికి వచ్చినది. కొండల నడుమ గుండ్లకమ్మను నిలిపిన కట్ట యది. ఏ చెఱువుకట్టకైనను ఊట భయము మట్టి నడుమకంటె మట్టియుఁ దూమురాయియుఁ గలియు చోట నెక్కువ. తూము లేనిచో ఆ ఊటయు లేదు, పైరును లేదు. ఈ బాక్సునకును కదలు షాఫ్టు బయటికి వచ్చు రంధ్రమే తూము. 1988లో సుజుకీ వారు సెర్వో అను చిన్నకారులో మోటారుతోఁ ద్రిప్పు పద్ధతి పెట్టి నూనెనే తొలఁగించిరి; నేఁటి కార్లలో నదియే యెక్కువ. ఆ కార్లవారికి కారుట తెలియదు, సుద్దపొడి తెలియదు.

ముందు చక్రములను జాకీపై లేపి, నూనె పోసి, ఇంజను నడుపకయే చక్రమును అటునుండి యిటు నెమ్మదిగాఁ ద్రిప్పుచు గాలిబుడగలు వెడలువఱకు కూర్చుంటిమి. గాలి మిగిలిన పంపు ఊళ పెట్టును. పిమ్మట గిద్దలూరు దాటి నల్లమల ఘాటు మలుపులలో కుడికి, ఎడమకుఁ ద్రిప్పుచు నంద్యాల దిక్కున కొంతదూరము పోయి మరలితిని.

మఱునాఁటి యుదయమున వాకిటి బండపై మరల నొక చుక్క. గుండె జల్లుమనఁగా వంగి వ్రేలితో ముట్టి చూచితిని. ఎఱుపు గాదు, నలుపు. ఇంజనుది.