నాచంతా ఒకటి కాదు!

భద్రాచలంలో గోదావరి నీటిలోని రాళ్ళమీద జారే గోధుమరంగు పొరను చూశారా? అది సాధారణంగా డయాటంలది. వీటి కణకవచంలో సిలికా ఉంటుంది.

మరి ఖమ్మం పల్లెల చెరువుల్లో పచ్చని నాచు సంగతి? ఒక కర్రతో పైకెత్తండి. దారాలుగా వేలాడితే స్పైరోగైరా వంటి ఆకుపచ్చ శైవలం కావచ్చు. బడిలో సూక్ష్మదర్శిని కింద చూస్తే స్పైరోగైరాలో రిబ్బనులా మెలితిరిగిన హరితరేణువు కనబడుతుంది.

కర్రకు రంగు పూసినట్లు అంటుకుంటే, అవి నీలి-ఆకుపచ్చ శైవలాలు కావచ్చు. వీటికి కేంద్రకం లేదు. అందుకే ఇప్పుడు బాక్టీరియాలలో చేర్చారు. ఎరువులు, మురుగు చేరిన చెరువులో ఇవి తెట్టుకడతాయి. వీటిలో మైక్రోసిస్టిస్ వంటివి తయారుచేసే విషం నీటిని మరిగించినా పోదు.

కనుక అటువంటి తెట్టును చేతితో తాకకండి. పశువులను ఆ నీటికి తోలవద్దని ఇంట్లో పెద్దలకు చెప్పండి.