ఆంగ్లభాషాభ్యాసము: నడిదారిలో నిలిచినవారికి

ఒకనాటి సాయంకాలమున నా పూర్వశిష్యుడొకడు మా యింటికి వచ్చి, వీథియరుగుమీద కూర్చుండి, చాలసేపు మాటలాడకుండెను. తరగతిలో నాంగ్లవ్యాకరణమున నతడెప్పుడును మొదటివాడు. సూత్రమడిగిన తోడనే యుదాహరణముతో నప్పగించెడివాడు. పిమ్మట నొక వర్తకశాలలో లెక్కలు వ్రాయు నుద్యోగము సంపాదించుకొనెను. అచ్చట నొక లెక్క తప్పేమో యని యతనికి తోచినది. పై యధికారి తెలుగెఱుగనివాడగుటచే నింగ్లీషున నిట్లు వ్రాసి పంపెను: ‘ఐ డౌట్ దట్ ది అకౌంట్ ఈజ్ రాంగ్.’ లెక్క తప్పేమో యని నాకు సందేహము గలదని యతని తాత్పర్యము. కాని యా వాక్యమునకు ఆంగ్లమున అర్థము తలక్రిందులు. ‘లెక్క తప్పని నాకు నమ్మకము లేదు’ అని దాని భావము. అధికారి యట్లే గ్రహించి లెక్కను సరియని యంగీకరించెను. నెల గడచిన పిమ్మట తప్పు బయటపడెను. నింద నా శిష్యునిపై పడెను.

‘మాస్టరుగారూ! తప్పును కనిపెట్టినవాడను నేనే గదా. వ్యాకరణములో నేను చేసిన పొరపాటేమి?’ అని యతడడిగెను.

వ్యాకరణములో నతడు పొరపాటేమియు చేయలేదు. కర్త యున్నది, క్రియ యున్నది, అన్వయము కుదిరినది. అతనికి ‘డౌట్’ అనగా సందేహమని నేర్పినవాడను నేనే. మన సందేహమను మాట రెండు దిక్కులకును తిరుగును. ఉన్నదేమో యని యనుమానించుటయు సందేహమే, లేదేమో యని శంకించుటయు సందేహమే. ఆంగ్లమున మొదటి దానికి ‘సస్పెక్ట్’ అనియు, రెండవ దానికి ‘డౌట్’ అనియు వేర్వేరు మాటలు గలవు. ఈ భేదమును నేనెన్నడును తరగతిలో చెప్పియుండలేదు. ఆ లోపమును కొంత దిద్దుకొనుటకే నేడు మీతో నీ నాలుగు మాటలు ముచ్చటింపబూనితిని.

ఆంగ్లమును క్రొత్తగా నారంభించువారిని గూర్చి గాని, అందు పారంగతులైనవారిని గూర్చి గాని నేను చెప్పబోవుట లేదు. పుస్తకము చదివి యర్థము చేసికొనగలిగియు, వ్రాయబూనినప్పుడును మాటలాడబూనినప్పుడును తొట్రుపడువారు మనలో పెక్కుమంది గలరు. వారికి క్రొత్త సూత్రములతో నంతగా పని లేదు. తెలిసినదానిని వాడుకలోనికి తెచ్చుకొను అభ్యాసమే వారికి కావలయును. వారి తప్పులలో పెక్కులు తెలుగున నాలోచించి, ఆంగ్లపదములను తెలుగు త్రోవలో పేర్చుటచే కలుగునవి. కనుక మన వ్యాకరణమునే దీపముగా పట్టుకొని చూచినచో నా తప్పులు తేటగా కనబడును.

మొదట కాలములను చూతము. చిన్నయసూరి బాలవ్యాకరణమున భూతము, భవిష్యత్తు, వర్తమానము గాక తద్ధర్మమని మఱియొకటి చెప్పబడినది. స్వభావమును, అలవాటును తెలుపునది తద్ధర్మము. ‘సూర్యుడు తూర్పున నుదయించును’ అనునది దాని కుదాహరణము. ఆంగ్లవ్యాకరణములో ‘సింపుల్ ప్రెజెంట్’ అను పేరు చూచి మన పిల్లలు దానిని వర్తమానమనుకొందురు. నిజమునకది మన తద్ధర్మమునకు దగ్గఱిచుట్టము. ‘ది సన్ రైజెస్ ఇన్ ది ఈస్ట్’ అనుట స్వభావము. ‘ది సన్ ఈజ్ రైజింగ్’ అనుట కన్నులయెదుట జరుగుచున్న పని. ఈ యొక్క భేదము మనస్సున నాటినచో సగము తప్పులు తొలగును. ఎఱుగుట, ఇష్టపడుట, నమ్ముట మొదలగునవి పనులు గావు, స్థితులు. కనుక ‘ఐ నో’ అనవలయును గాని ‘ఐ యామ్ నోయింగ్’ అనరాదు. ‘నాకు తెలుగు వచ్చును’ అందుము గాని ‘నాకు తెలుగు వచ్చుచున్నది’ అని మనమును అనము గదా!

కాలవిషయముననే మఱియొక చిక్కు గలదు. ‘సోమవారమునుండి’ అనియు, ‘మూడు దినములనుండి’ అనియు రెండు చోట్లను మనము ‘నుండి’ అనియే యందుము. ఆంగ్లమున పని మొదలైన క్షణమును చెప్పునప్పుడు ‘సిన్స్’ అనియు, గడచిన కాలపు పొడవును చెప్పునప్పుడు ‘ఫర్’ అనియు వాడవలయును. క్రియయు మాఱును. ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ ఫ్రమ్ టెన్ ఇయర్స్’ అని మనవారు తఱచుగా ననుచుందురు. ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’ అనునది సాధువైన రూపము. నాడు మొదలై నేటికిని సాగుచున్నదను భావము ‘హావ్ బీన్’ అను మాటలయందున్నది.

ఇక విభక్తులు. తెలుగున విభక్తి నామమునకు వెనుక చేరును, ఆంగ్లమున ముందు నిలుచును. ఇది యందఱు నెఱిగినదే. ఎఱుగవలసినది వేఱొకటి గలదు. ఏ క్రియ యే విభక్తిని కోరునో యది యా భాషయొక్క స్వేచ్ఛ. మనకు ‘ఆతనిమీద కోపము’, వారికి ‘యాంగ్రీ విత్ హిమ్’. మనము ‘దానిని గుఱించి చర్చింతుము’, వారు ‘డిస్కస్ ఇట్’ అందురు. అచ్చట ‘అబౌట్’ అనవసరము. ‘మ్యారీడ్ విత్’ అని వ్రాయువారు ‘రాముడు సీతను పెండ్లాడెను’ అను తెలుగు వాక్యమును జ్ఞప్తికి తెచ్చుకొనినచో తప్పిపోరు, ఏలన నిచ్చట రెండు భాషలును ద్వితీయనే కోరుచున్నవి. కాబట్టి క్రియను ఒంటిగా వల్లెవేయక, దానితో వచ్చు విభక్తిని గూడ కలిపి నేర్చుకొనవలయును.

‘ఎ’, ‘యాన్’, ‘ది’ అను మూడు చిన్న మాటలు మనవారిని మిక్కిలి బాధించును. మన కథలు వినినవారికి వానిలో సగము ముందే తెలిసియున్నది. ‘ఒక యూరిలో ఒక రాజు గలడు. ఆ రాజునకు ముగ్గురు కొడుకులు’ అందుము. వినువానికి క్రొత్తదైనప్పుడు ‘ఒక’, తెలిసిన పిమ్మట ‘ఆ’. ఆంగ్లమున మొదటి చోట ‘ఎ’, రెండవ చోట ‘ది’. ‘ది’ కింకను పెక్కు ప్రయోగములు గలవు, కాని మొదట నిది చాలును. ‘ఎ’, ‘యాన్’ అను వాని భేదమును మన సంధివంటిదే. అది చెవికి సంబంధించినది, అక్షరమునకు గాదు. అందుచేతనే ‘యాన్ అవర్’ అనియు, ‘ఎ యూనివర్సిటీ’ అనియు నగును. వ్రాతలో నవర్‌కు ముందు హల్లున్నను పలుకుబడిలో నచ్చే మొదట వినబడును. యూనివర్సిటీకి ముందు అచ్చున్నను చెవికి యకారమే తగులును.

ఇప్పుడు పదసంపదను గూర్చి చెప్పెదను. నేను బాల్యమున అమరకోశము వల్లెవేసినవాడను. ఆ పద్ధతినే యాంగ్లమునకు పట్టించి, ఒక్కొక్క భావమునకు పది పర్యాయపదములు పిల్లలచే చదివించితిని. అది పొరపాటు. పద్యము వ్రాయువానికి పర్యాయపదము గణములు కుదుర్చును. వాడుకభాషలో ప్రతి మాటకును తన స్నేహితులు వేఱు. ఆంగ్లేయులు చిక్కని తేనీటిని ‘స్ట్రాంగ్ టీ’ యందురు గాని ‘పవర్‌ఫుల్ టీ’ యనరు. పెద్దవానను ‘హెవీ రెయిన్’ అందురు గాని ‘బిగ్ రెయిన్’ అనరు. పొరపాటునకు ‘మేక్’ అను క్రియయే తగును, ‘డు’ తగదు. పరభాషవాడెవడైన ‘నేను నిద్ర చేసితిని’ అనినచో మనము నవ్వుదుము. మన నోట నట్టి మాట వినినప్పుడు వారికిని అట్లే యుండును. కనుక పదమును దాని జంటతో, ఒక చిన్న వాక్యములో నుంచి వ్రాసికొనుడు.

ఎన్ని పదములు నేర్వవలెనని యడుగుదురేమో! ఢాకాలో బహుకాలము పనిచేసిన మైకేల్ వెస్టు అను విద్యావేత్త 1953లో నిత్యోపయోగపదముల పట్టికను ప్రకటించెను. అందు సుమారు 2,000 పదములు గలవు. అపురూపమైన మాటలకై పరుగిడుటకంటె, అట్టి సామాన్యపదములను చక్కగా వాడనేర్చుట మేలు. దినమునకైదు పదములు చాలును. మఱునాడు, నాలుగవనాడు, వారము గడచిన పిమ్మట పుస్తకము మూసి వానిని జ్ఞప్తికి తెచ్చుకొనవలయును. మన పాఠశాలలలో సాయంకాలము చేయించెడి చింతనమిట్టిదే.

అభ్యాసమునకు నేను నమ్మిన పద్ధతి యొకటి గలదు. ఇంగ్లండులో రోజర్ ఆస్కమ్ అను గురువు వ్రాసి, 1570లో ప్రకటింపబడిన ‘ది స్కోల్‌మాస్టర్’ అను గ్రంథమున లాటిన్ నేర్చుకొనువారికి ద్విగుణానువాదమును విధించెను. మీరు మంచి యాంగ్లగద్యమునుండి పది పంక్తులు తీసికొనుడు. వానిని తెలుగున వ్రాయుడు. మఱునాడు మూలమును చూడక, మీ తెలుగునుండి మఱల నాంగ్లమున వ్రాయుడు. పిమ్మట రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. ఎచ్చట మీరు మూలమునకు దూరమైతిరో యచ్చటనే మీకు నేర్వవలసినదున్నది. అమెరికాదేశపు బెంజమిన్ ఫ్రాంక్లిను తన యౌవనమున ‘స్పెక్టేటర్’ వ్యాసముల సారాంశమును గుఱుతుగా వ్రాసికొని, కొన్ని దినముల పిమ్మట మఱల నిర్మించి, మూలముతో పోల్చి తప్పులు దిద్దుకొనెనని తన చరిత్రలో చెప్పికొనెను. కాలము, విభక్తి, ‘ఎ’–‘ది’లు, పదము అని నాలుగు శీర్షికలతో నొక పుస్తకముంచుకొని, ప్రతి తప్పును దాని చోట వ్రాసికొనుడు. నెల గడచులోపల మీకు తఱచుగా వచ్చు తప్పులు పదికి మించవని తెలియును. ఆ పదింటిని జయించినచో మిగిలినవి భయపెట్టవు. అరగంట చాలును, కాని దినము తప్పరాదు.

పరభాష మనకు రాదని నిరాశపడవలదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1817లో చెన్నపట్టణమునకు వచ్చినప్పుడు తెలుగెఱుగడు. పండితులయొద్ద కూర్చుండి నేర్చుకొని, పెద్ద నిఘంటువులను కూర్చి మనకిచ్చెను. వారికి మన భాష యెంత దూరమో మనకు వారి భాషయు నంతే దూరము. నడచినవారికి దారి యొక్కటే.

నా శిష్యుడును అట్టి పుస్తకమొకటి మొదలు పెట్టెను. దాని మొదటి పుటలో ‘డౌట్’, ‘సస్పెక్ట్’ అను రెండు మాటలును వాని వాక్యములతో వ్రాసియున్నవి. ఆ పుటను నాకు చూపినప్పుడు, నా పుస్తకములో గూడ నది మొదటి పుటయే యని యతనితో చెప్పితిని.