విత్తనం నుంచి ఓడరేవు దాకా: వ్యవసాయ పట్టాకు ఎన్ని దారులు

నాలుగేళ్ల బీఎస్సీ (ఆనర్స్) అగ్రికల్చర్ చదివినవారి ఉద్యోగం అనగానే చాలామందికి మండల వ్యవసాయాధికారి పోస్టే గుర్తొస్తుంది. ఊళ్లలో ‘ఏవో గారు’ అని పిలిచే ఈ కొలువు మండలానికి ఒక్కటే. ఖాళీలు పడి, నోటిఫికేషన్ వస్తేనే దానికి పోటీపడే వీలు. కానీ గోదావరి డెల్టాలో వరి విత్తనం నారుమడిలో పడింది మొదలు, బియ్యమై కాకినాడ రేవులో ఓడ ఎక్కేదాకా పరిశోధన కేంద్రం, రైతు సేవా కేంద్రం, బ్యాంకు, ఎరువుల కంపెనీ, ధాన్యం గోదాము వంటి మజిలీలు ఎన్నో ఉన్నాయి. వ్యవసాయ పట్టభద్రుల అవసరం వీటన్నిటిలోనూ ఉంది.

చదువు ఎక్కడ, ఎలా

రాష్ట్రంలో ఈ కోర్సుకు పెద్ద దిక్కు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం. 1964లో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంగా ఏర్పడి, రాష్ట్ర విభజన తర్వాత గుంటూరు పక్కనున్న లాం కేంద్రంగా నడుస్తోంది. దాని పరిధిలోని బాపట్ల కళాశాల 1945 నాటిది. కాకినాడ ప్రాంత విద్యార్థులకు దగ్గరగా ఉన్నది రాజమహేంద్రవరం కళాశాల. పండ్లు, కూరగాయలు, పూల సాగు వైపు మొగ్గేవారికి తాడేపల్లిగూడెం సమీపాన వెంకటరామన్నగూడెంలో 2007లో ఏర్పడిన డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. ఇంటర్‌లో బైపీసీ చదివి ఈఏపీసెట్‌లో ర్యాంకు తెచ్చుకున్నవారికి సీట్లు ఇస్తారు. వ్యవసాయ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసినవారు అగ్రిసెట్ రాసి డిగ్రీలో చేరవచ్చు.

నేలలు, పురుగులు, తెగుళ్లు, విత్తనోత్పత్తి, వ్యవసాయ ఆర్థికశాస్త్రం, విస్తరణ అన్నీ పాఠ్యాంశాలే. చివరి ఏడాదిలో విద్యార్థులు ‘రావెప్’ పేరుతో పల్లెలో ఉండి, రైతుల వెంట పొలం పనులు చూస్తారు. ఊరివాళ్లతో మాట కలిపే నేర్పు ఇక్కడ అబ్బితే తరువాతి ఉద్యోగం ఏదైనా సగం పని సులువవుతుంది.

సర్కారు కొలువులు

ఏవో పోస్టులను ఏపీపీఎస్సీ భర్తీ చేస్తుంది. ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల దుకాణాల తనిఖీ, అనుమానం వచ్చిన సరుకు నమూనాలు తీసి ప్రయోగశాలకు పంపడం, తుపానుకో వరదకో పంట దెబ్బతింటే నష్టం అంచనా కట్టడం ఈ అధికారి పనులు. పదోన్నతి మీద సహాయ సంచాలకులు (ఏడీఏ), ఆపై జిల్లా స్థాయి వరకు వెళ్లవచ్చు.

2019లో ఊరి స్థాయిలోనూ పోస్టులు వచ్చాయి. కాకినాడ సమీపంలోని కరపలో ఆ ఏడాది అక్టోబరు 2న గ్రామ సచివాలయాల వ్యవస్థను ప్రారంభించారు. దానితోనే గ్రామ వ్యవసాయ సహాయకులు, ఉద్యాన సహాయకుల నియామకాలు జరిగాయి. అప్పట్లో తొలి రెండేళ్లకు నెలకు 15,000 రూపాయల స్థిర వేతనం ఇచ్చారు. 2020 మే 30న పదివేలకు పైగా రైతు భరోసా కేంద్రాలు మొదలై, ఈ సహాయకులకు అవే కార్యస్థానాలయ్యాయి. 2024లో వాటి పేరు రైతు సేవా కేంద్రాలుగా మారింది. పంటల నమోదు వ్యవస్థ ఈ-క్రాప్‌లో వివరాలు ఎక్కించడం, విత్తనాలు ఇప్పించడం, సుడిదోమ కనబడితే ఏ మందు ఎంత మోతాదులో కొట్టాలో చెప్పడం రోజువారీ పని. ఈ పోస్టుకు డిప్లొమా ఉన్నా చాలు కాబట్టి పోటీ ఎక్కువ. డిగ్రీ ఉన్నవారికి ఇది పెద్ద పోస్టులకు చదువుకుంటూ చేయదగిన తొలి మెట్టు. ప్రకృతి సాగును చూసే రైతు సాధికార సంస్థ కూడా వ్యవసాయ పట్టభద్రులను ఫెలోలుగా తీసుకుని పల్లెలకు పంపింది.

కేంద్ర సర్వీసుల్లో సివిల్స్ రాసేవారు వ్యవసాయాన్ని ఐచ్ఛికాంశంగా తీసుకోవచ్చు. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు పరీక్షకు కూడా ఈ డిగ్రీ అర్హతే. ఆహార భద్రతాధికారి పోస్టుకు నిర్దేశించిన చదువుల్లోనూ వ్యవసాయ శాస్త్రం ఉంది.

బ్యాంకులకు వీరి అవసరం

బ్యాంకులు తమ రుణాల్లో 18 శాతం వ్యవసాయానికి ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. అప్పు ఇచ్చే ముందు పంట ఖర్చు ఎంత, రాబడి ఎంత, చెరువు తవ్వకం లాభమా, ట్రాక్టరుకు సరిపడా పని దొరుకుతుందా అన్నది తేల్చగల మనిషి కావాలి. అందుకే ప్రభుత్వ రంగ బ్యాంకులు ఐబీపీఎస్ స్పెషలిస్ట్ ఆఫీసర్ల పరీక్ష ద్వారా అగ్రికల్చరల్ ఫీల్డ్ ఆఫీసర్లను తీసుకుంటాయి. వయసు 20 నుంచి 30 ఏళ్ల మధ్య ఉండాలి. గ్రామీణ బ్యాంకుల్లోనూ వ్యవసాయాధికారి పోస్టులున్నాయి. గోదావరి జిల్లాల్లో పనిచేసిన చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది.

డెల్టాలో ఈ ఉద్యోగానికి ఒక చిక్కుంది. ఇక్కడి పొలాల్లో పెద్ద భాగం కౌలు రైతుల చేతుల్లో ఉంది. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు కార్డు రావాలంటే భూయజమానితో 11 నెలల ఒప్పందం రాసుకోవాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని జంకే యజమానులు ఉన్నారు. పొలం దున్నేది ఒకరు, పాసు పుస్తకం ఇంకొకరిది అయినప్పుడు అప్పు ఎవరికివ్వాలి, ఎలా వసూలు చేయాలి అన్నది ఫీల్డ్ ఆఫీసర్‌కు నిత్యం ఎదురయ్యే ప్రశ్న.

ఈ బ్యాంకులకు పై అంతస్తులో 1982లో ఏర్పడిన నాబార్డ్ ఉంది. అక్కడి గ్రేడ్-ఏ పరీక్షలో వ్యవసాయం, గ్రామీణాభివృద్ధి ఒక ముఖ్య పేపరు కావడం ఈ పట్టభద్రులకు కలిసొస్తుంది.

గోదాము, మిల్లు, రేవు

ధాన్యం కొనుగోలులో తేమ 17 శాతానికి మించితే పేచీ మొదలవుతుంది. సార్వా కోతల వేళ తుపాను పట్టిందంటే గింజ రంగు మారుతుంది, మొలకెత్తుతుంది. అలాంటి సరుకు నాణ్యతను తేల్చడానికీ, గోదాములో పురుగు పట్టకుండా కాపాడడానికీ భారత ఆహార సంస్థలో టెక్నికల్ విభాగం ఉంది. దాని నియామకాలకు వ్యవసాయ డిగ్రీ అర్హత. కేంద్ర గిడ్డంగుల సంస్థలోనూ ఇలాంటి ఉద్యోగాలున్నాయి.

కాకినాడ నుంచి విదేశాలకు వెళ్లే సరుకుల్లో బియ్యం ముఖ్యమైనది. దిగుమతి చేసుకునే దేశం అడిగిన ప్రమాణాలు ఉన్నాయో లేదో చూడాలి. పురుగు లేకుండా మందు పొగ పెట్టాలి. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఇప్పించాలి. తనిఖీ సంస్థలు, ఫ్యుమిగేషన్ సంస్థలు, ఎగుమతిదారుల నాణ్యత విభాగాలు పట్టభద్రులు ప్రయత్నించదగిన చోట్లు.

కంపెనీ ఉద్యోగాలు

విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల కంపెనీలు కొత్త పట్టభద్రులను ఎక్కువగా అమ్మకాల విభాగంలోకి తీసుకుంటాయి. కాకినాడలోనే కోరమాండల్ ఇంటర్నేషనల్ కాంప్లెక్స్ ఎరువుల కర్మాగారం ఉంది. విత్తన కంపెనీలకు హైదరాబాద్ అడ్డా. పని మాత్రం ఎండలో, బండి మీద, డీలర్ల చుట్టూ తిరిగేదే. ఊడ్పులకు ముందు నుంచే టార్గెట్ల ఒత్తిడి పెరుగుతుంది. అమ్మకం ఇష్టం లేనివారికి విత్తనోత్పత్తి, నాణ్యత పరీక్ష, క్షేత్ర ప్రయోగాల విభాగాలున్నాయి. వాటికి పీజీ ఉంటే మేలు.

డెల్టా అంచున, మెట్టలో ఆయిల్‌పామ్ విస్తరించింది. గెలలు కొనే కంపెనీలు మొక్కలిచ్చిన నాటి నుంచి తోటల వెంట ఉండే క్షేత్ర సిబ్బందిని పెట్టుకుంటాయి. కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో అంతరపంటగా వేసే కోకోకూ ఇలాంటి పర్యవేక్షణ అవసరం. చేపలు, రొయ్యల రంగం కాకినాడ చుట్టూ పెద్దదే అయినా, అందులో సాంకేతిక పోస్టులకు ముందుగా మత్స్యశాస్త్ర డిగ్రీనే అడుగుతారు.

పరిశోధన వైపు

పరిశోధనకు పీజీ, ఆపై పీహెచ్‌డీ తప్పవు. పీజీ సీట్లకు విశ్వవిద్యాలయాల ప్రవేశాలతోపాటు భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐకార్) కోసం జరిగే జాతీయ పరీక్ష ఉంది. ఐకార్ శాస్త్రవేత్తలుగా ఎంపికైనవారికి హైదరాబాద్‌లోని జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ (నార్మ్)లో శిక్షణ ఇస్తారు. పీజీ చేసినవారికి కృషి విజ్ఞాన కేంద్రాల్లో విషయ నిపుణుల పోస్టులున్నాయి. ఉండి, కలవచర్ల, వెంకటరామన్నగూడెం కేంద్రాలు గోదావరి జిల్లాల రైతులకు తెలిసినవే.

పరిశోధన కోసం దూరం వెళ్లనక్కర్లేని ప్రాంతమిది. మారుటేరు వరి పరిశోధన కేంద్రం 1925లో ఏర్పడింది. వశిష్ఠ, మసూరి రకాలను సంకరపరచి అక్కడ రూపొందించిన ఎంటీయూ 7029 ‘స్వర్ణ’గా 1982లో విడుదలై, తూర్పు భారత రాష్ట్రాలన్నిటా పాకింది. ముంపును తట్టుకునే జన్యువును చేర్చి దానినుంచే స్వర్ణ సబ్-1 తెచ్చారు. రాజమహేంద్రవరంలో 1947లో ఏర్పడిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఇప్పుడు పొగాకుతోపాటు మరికొన్ని వాణిజ్య పంటలనూ చూస్తోంది. ఏలూరు దగ్గరి పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ, కోనసీమలోని అంబాజీపేటలో కొబ్బరి మీద పనిచేసే ఉద్యాన పరిశోధన స్థానం ఉన్నాయి. పశ్చిమ గోదావరి పేరుపాలెంలో పుట్టిన మంగిన వెంకటేశ్వరరావు గోధుమ ప్రజననంలో పేరు తెచ్చుకుని, నూనెగింజల టెక్నాలజీ మిషన్‌ను నడిపి, ఆపై రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు.

మేనేజ్‌మెంట్ ఇష్టపడేవారికి హైదరాబాద్‌లోని మేనేజ్, అహ్మదాబాద్ ఐఐఎం, ఆనంద్‌లోని ఇర్మా వ్యవసాయ వ్యాపారం, గ్రామీణ నిర్వహణల్లో పీజీ కోర్సులు నడుపుతున్నాయి.

సొంత వ్యాపారం

పురుగుమందులు అమ్మేవారికి నిర్ణీత విద్యార్హత ఉండాలని కేంద్రం 2015లో నిబంధనలు సవరించింది. వ్యవసాయ డిగ్రీ ఉన్నవారికి లైసెన్సు విషయంలో ఆ అడ్డంకి లేదు. డిగ్రీ లేని పాత డీలర్ల కోసం మేనేజ్ సంస్థ 2003 నుంచి ఏడాది డిప్లొమా నడుపుతోంది. ఊళ్లో రైతు ముందు అడిగేది దుకాణదారునే కాబట్టి, తెగులు గుర్తించి అవసరమైన మందే ఇచ్చే పట్టభద్రుడి కొట్టుకు నమ్మకం మీద గిరాకీ పెరుగుతుంది. అరువు మీద సాగే వ్యాపారమిది. పంట పోతే బాకీ వసూలు కాదు. పెట్టుబడి లెక్కలో దాన్నీ చేర్చుకోవాలి.

2002లో మొదలైన అగ్రి క్లినిక్స్, అగ్రి బిజినెస్ సెంటర్స్ పథకం కింద ఎంపికైనవారికి 45 రోజుల ఉచిత శిక్షణ ఇస్తారు. ఒక్కరే పెట్టే యూనిట్‌కు 20 లక్షల రూపాయల వరకు ప్రాజెక్టు వ్యయం మీద రాయితీ వర్తిస్తుంది. సాధారణ వర్గానికి 36 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 44 శాతం ఇస్తారు. భూసార పరీక్ష కేంద్రం, యంత్రాల అద్దె, విత్తన శుద్ధి, నర్సరీ ఈ పథకం కిందికి వస్తాయి. నర్సరీకి కడియం, కడియపులంక చుట్టుపక్కల సిద్ధంగా మార్కెట్ ఉంది. అక్కడి పాత నర్సరీలతో ధరలో పోటీపడడం కష్టం. తెగులు లేని అంట్లు, టిష్యూ కల్చర్ అరటి వంటివి పట్టభద్రుడికి అనువైనవి. పిచికారీ డ్రోన్ నడపాలంటే డీజీసీఏ గుర్తింపున్న శిక్షణ, రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు సీఈవోగా పనిచేయడం మరో దారి. సొంతంగా పెట్టుబడి పెట్టకుండానే కొనుగోలు, అమ్మకం, లెక్కలు నేర్పే ఉద్యోగమది.

ఏది ముందు

డిగ్రీతో నేరుగా దొరికేవి మండల వ్యవసాయాధికారి (ఏవో), గ్రామ సహాయకుడు, బ్యాంకు ఫీల్డ్ ఆఫీసర్, ఆహార సంస్థ టెక్నికల్, కంపెనీ అమ్మకాల ఉద్యోగాలు. వీటిలో ఐబీపీఎస్ పరీక్ష సాధారణంగా ఏటా జరుగుతుంది. ఏపీపీఎస్సీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పలేం. అందుకే మూడో ఏడాది నుంచే బ్యాంకు పరీక్షకు చదువుతూ, ఏవో సిలబస్‌ను దాంతోపాటు పూర్తిచేసుకోవడం మేలు. రెండింటిలోనూ వ్యవసాయ పేపరు చాలావరకు ఒకటే. పరిశోధన కోరుకునేవారు చివరి ఏడాదిలోనే పీజీ ప్రవేశ పరీక్షకు సిద్ధం కావాలి. సొంత దుకాణమో నర్సరీయో పెట్టాలనుకునేవారు రెండు మూడు సీజన్లు ఏదైనా కంపెనీలో తిరిగితే డీలర్లు, ధరలు, అరువు లెక్కలు వేరొకరి పెట్టుబడి మీదే తెలిసొస్తాయి.