నల్లబడని బల్బు

ఎల్ఈడీలు రాకముందు ఇళ్లలో వెలిగిన మామూలు బల్బు వాడగా వాడగా లోపల నల్లబడేది. సుమారు 2,500 డిగ్రీల సెల్సియస్ వేడికి టంగ్‌స్టన్ తీగ కొంచెం కొంచెంగా ఆవిరై, తనకన్నా చల్లగా ఉన్న గాజుకు అంటుకునేది. అటు తీగ సన్నబడేది, ఇటు గాజు మసకేసేది. ఆర్గాన్ వాయువు నింపితే ఆవిరి తగ్గింది కానీ ఆగలేదు.

1950లలో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లకూ ఈ నలుపే అడ్డొచ్చింది. వాళ్లు చేస్తున్నది దీపం కూడా కాదు, వేడి పుట్టించే సన్నని క్వార్ట్జ్ గొట్టం. గొట్టం ఎంత సన్నదైతే మసి అంత తొందరగా పట్టేది. ఎల్మర్ ఫ్రిడ్రిక్, ఎమ్మెట్ వైలీ అందులో కాస్త అయోడిన్ వేసి చూశారు. గొట్టం నల్లబడలేదు. 1959లో పేటెంటు వచ్చింది.

జరిగేది ఇది. తీగ నుంచి లేచిన టంగ్‌స్టన్ గొట్టం గోడ దగ్గరికి రాగానే అయోడిన్ లాంటి హాలోజన్‌తో కలిసి వాయువుగా మారుతుంది. గోడ 250 డిగ్రీలు దాటి వేడిగా ఉండాలి, లేకపోతే ఆ వాయువు అక్కడే పేరుకుపోతుంది. అంత వేడికి మామూలు గాజు పనికిరాదు కాబట్టే క్వార్ట్జ్. వాయువు తిరిగి తీగను చేరినప్పుడు విడిపోయి, టంగ్‌స్టన్‌ను అక్కడ వదిలేస్తుంది.

అయితే తీగ తనకు తానే బాగుపడుతుందని అనుకోకూడదు. లోహం సన్నబడిన చోటికే చేరదు. చిరిగిన చోటు వదిలేసి పక్కన మాసిక వేసినట్టే. బల్బు ఆయుష్షు పెరగడానికి ఇంకో కారణముంది. బుడ్డి చిన్నదీ గట్టిదీ కాబట్టి వాయువును ఎక్కువ ఒత్తిడితో నింపవచ్చు, ఆ ఒత్తిడి ఆవిరిని అణిచిపెడుతుంది. అందుకే తీగను ఇంకా వేడిచేసి, మరింత తెల్లని వెలుగు రాబట్టగలిగారు.

హాలోజన్ బల్బును వట్టి చేత్తో పట్టుకోవద్దని కారు మెకానిక్ చెప్పేది కూడా చాదస్తం కాదు. చెమటలోని ఉప్పు ఆ వేడికి క్వార్ట్జ్‌లోకి దిగి తెల్లమచ్చ కడుతుంది, అక్కడే పగులుతుంది.

కార్ల హెడ్‌లైట్లలోకి 1962లో యూరప్‌లో హెచ్1 అనే హాలోజన్ బల్బు వచ్చింది. 1971లో వచ్చిన హెచ్4 ఒకే బుడ్డిలో రెండు తీగలతో హై బీమ్, లో బీమ్ రెండూ ఇచ్చింది. మన రోడ్ల మీద అది ఇప్పటికీ కనిపిస్తుంది. నగల దుకాణాల సీలింగుల్లో మెరిసిన 12 వోల్టుల చిన్న హాలోజన్ బల్బుకు వెనక అద్దం ఉండేది. ఆ అద్దం వెలుగును ముందుకు తోసి, వేడిని చాలామటుకు వెనక్కి వదిలేసేది. ఒకప్పటి పెళ్లి వీడియోల్లో అసిస్టెంటు ఎత్తిపట్టిన లైటులో ఉన్నది రెండు కొనలకూ కరెంటు అందే పొడుగాటి గొట్టం. తీసుకునే కరెంటులో అధిక భాగం వేడిగానే పోతుంది కాబట్టి, తలంబ్రాల వేళ పెళ్లికూతురి మేకప్ కరిగితే తప్పు ముహూర్తానిది కాదు.

ఆ వృథా వల్లే యూరోపియన్ యూనియన్ 2018 సెప్టెంబరు నుంచి ఇళ్లలో వాడే చాలా రకాల హాలోజన్ బల్బులను మార్కెట్ నుంచి తప్పించింది. డయాగ్నస్టిక్ ల్యాబుల్లో మాత్రం రక్తపరీక్షల యంత్రాలు చాలావాటిలో ఇంకా హాలోజనే వెలుగుతోంది. షుగర్ పరీక్షలో నమూనాకు రసాయనం కలిపితే గులాబీ రంగు తేలుతుంది. ఆ రంగు ఎంత కాంతిని పీల్చుకుందో చూసి యంత్రం లెక్క చెబుతుంది. ఒక్కో పరీక్షకు ఒక్కో రంగు కాంతి కావాలి. కాలే తీగ అన్నిటినీ తెగకుండా ఇస్తుంది, తెల్ల ఎల్ఈడీ వెలుగులో కొన్ని బాగా పలచబడతాయి.