ఫ్యాక్టరీ నర్సు నియామకము: రిజిస్ట్రేషను చూడవలయునా?

సహకార చక్కెర ఫ్యాక్టరీలు, నూలుమిల్లులు గల సంఘములు పనివారి ఆరోగ్యమును కనిపెట్టుటకు నర్సును నియమించునపుడు పాలకవర్గమున ఒక ప్రశ్న పుట్టుచుండును. ఆమె పేరు నర్సుల కౌన్సిలు రిజిస్టరులో నుండవలయునా? లేక పని తెలిసిన మనిషి యైన చాలునా? రిజిస్టరైన నర్సునకు జీతము హెచ్చు. ఏదో యొక ఆసుపత్రిలో నాలుగేండ్లు కట్లు కట్టిన మనిషి తక్కువ జీతమునకే దొరకును. సంఘపు పైకము రైతుల వాటాధనమే గావున పొదుపును గూర్చి యడుగుట తప్పుగాదు. అయితే ఆ పొదుపువలన నేమి పోగొట్టుకొందుమో కూడ లెక్కింపవలయును.

ముందుగా ఫ్యాక్టరీ నర్సు చేయు పని యెట్టిదో చూతము. గాయమునకు మందు వ్రాసి కట్టు కట్టుట అందులో నొక చిన్న భాగము మాత్రమే. చక్కెర ఫ్యాక్టరీనే తీసికొందము. కాగిన చెఱకురసము మీద బడి ఒడలు కాలవచ్చును. సున్నము కంట బడవచ్చును. అపుడు డాక్టరు వచ్చుదాక వేచియుండరాదు. ఆ క్షణముననే కంటిని ఎడతెగక నీటితో కడుగవలయును. ఇవి కంటికి కనుపించు ప్రమాదములు. కనుపింపనివి మరికొన్ని గలవు. తడిసి బూజుపట్టిన చెఱకుపిప్పి ధూళిని పీల్చినవారికి కొన్నిగంటల పిమ్మట జ్వరము, దగ్గు, ఆయాసము కలుగును. దీనిని మామూలు జ్వరమనియో, క్షయ యనియో పొరబడుట సులభము. నూలుమిల్లులో ప్రత్తిధూళివలన ఊపిరితిత్తుల కొక వ్యాధి కలుగును. సెలవు గడచి పనిలోనికి వచ్చిన మొదటిదినమున ఱొమ్ము పట్టివేసినట్లుండుట దాని తొలిగుర్తు. ఆ గుర్తును తెలిసికొని, పుస్తకమున వ్రాసి, డాక్టరునకు సకాలమున తెలుపు నర్సు ఒక కుటుంబమును నిలువబెట్టును. ఆ గుర్తెరుగని మనిషి దగ్గుమందిచ్చి మరల ఆ ధూళిలోనికే పంపును.

ఈ యుద్యోగము క్రొత్తదిగాదు. 1878 సంవత్సరమున ఇంగ్లండులోని నారిచ్ పట్టణమున ఆవపొడి తయారుచేయు కోల్మన్ కంపెనీవారు ఫిలిప్పా ఫ్లవర్‌డే అను నర్సును నియమించిరి. ఆమె వైద్యశాలలో డాక్టరునకు సాయపడుటయే గాక, జబ్బుపడిన పనివారి యిండ్లకుబోయి చూచెడిది. నాటికి నర్సులకు ప్రభుత్వ రిజిస్టరు లేదు. ఎవరు నర్సో, ఎవరు కాదో తేల్చుకొనుట యజమాని పనియే. న్యూజీలండులో 1901లోను, ఇంగ్లండులో 1919లోను నర్సుల రిజిస్ట్రేషను చట్టములు వచ్చెను. మన మద్రాసు రాజధానిలో 1926లో నర్సుల, మంత్రసానుల చట్టము పుట్టెను. 1947లో భారత నర్సింగు కౌన్సిలు చట్టమును, 2023లో జాతీయ నర్సింగు, మంత్రసాని కమిషను చట్టమును చేయబడినవి. ఇన్ని చట్టముల యుద్దేశ్యము ఒక్కటే: రోగి తాను పరీక్షింపలేని విద్యను ఒక అధికారసంస్థ పరీక్షించి చెప్పుట.

రిజిస్ట్రేషను దేనిని రుజువు చేయును? ఆమె గుర్తింపు పొందిన పాఠశాలలో చదివినదనియు, పరీక్షలో నెగ్గినదనియు, తప్పుచేసినచో విచారించి పేరు కొట్టివేయగల కౌన్సిలు ఒకటి ఆమెపై గలదనియు రుజువు చేయును. దేనిని రుజువు చేయదు? ఆమె దయగలదనిగాని, చక్కెర ఫ్యాక్టరీ పని యెరిగినదనిగాని రుజువు చేయదు. తూనికరాళ్ల మీది సర్కారు ముద్ర వంటిదే ఇది. ముద్ర రాయి సరియైన బరువని చెప్పునేగాని తూచువాడు నిజాయితీపరుడని చెప్పదు. అయినను ముద్రలేని రాతితో మన ధాన్యమును తూచుట కొప్పుకొందుమా?

ఇక రెండవ ప్రశ్న. ఫ్యాక్టరీ ఆరోగ్యమున ప్రత్యేక రిజిస్ట్రేషను కూడ కావలయునా? బ్రిటనులో నర్సుల రిజిస్టరునందు ప్రజారోగ్య నిపుణులకు వేరుభాగము గలదు. పనివారి ఆరోగ్యమును చూచు నర్సులు అందు చేరవచ్చును. అయినను ఆ భాగమున పేరులేని నర్సు ఫ్యాక్టరీలో పనిచేయరాదను నిషేధము అచట లేదు. అందుచేత అచటి యజమానులలోను ఈ విషయమై భిన్నాభిప్రాయములు గలవు. మా అభిప్రాయ మిది: మొదటి రిజిస్ట్రేషను లేనిదే నియమింపరాదు. ప్రత్యేకవిద్య ఉన్నచో మేలు. లేనిచో ఫ్యాక్టరీలో చేసిన అనుభవమును చూచి, తక్కినది నేర్పించుకొనవచ్చును. పునాది లేని యింటికి పైకప్పు నేర్పు అక్కరకు రాదు.

మరియొక విషయము సభ్యులు గమనింపవలయును. పనివాని జబ్బు సంగతి నర్సునకు తెలియును. దానిని మేనేజరు అడిగినను, డైరెక్టరు అడిగినను, రోగి సమ్మతిలేక బయటపెట్టరాదని ఆమె వృత్తినియమము. రిజిస్టరైన నర్సు ఆ నియమమును చూపి కాదనగలదు. రిజిస్టరులేని మనిషికి యజమాని మాటయే శాసనము. ఆ భయమున్నచోట పనివాడు తన జబ్బును దాచుకొనును. దాచిన జబ్బు ముదిరిన పిదప నష్టపరిహారమును చెల్లింపవలసినది సంఘమే. డైరెక్టర్ల బంధువులను ఈ యుద్యోగమున నిలుపరాదనుటకును ఇదియే కారణము.

చట్టమునుగూర్చి ఒక్కమాట. ఐదువందలకు మించి పనివారుగల ఫ్యాక్టరీలో ప్రథమచికిత్స గది యుండవలయునని 1948 ఫ్యాక్టరీల చట్టము చెప్పెను. 2020 నాటి క్రొత్త స్మృతియు ఆ సంఖ్యనే యుంచెను. అంతకు తక్కువమంది యున్నచోట నర్సును పెట్టుట సంఘము ఇష్టము. కాని పెట్టినయెడల తగినవారినే పెట్టవలెను.

పాలకవర్గమువారు చేయవలసిన పరీక్ష కష్టమైనది కాదు. మొదట, అసలు సర్టిఫికెట్లనే చూడవలయును, నకళ్లను గాదు. రెండవది, రిజిస్టరు నంబరు, గడువు తేదీ వ్రాసికొని, తామే కౌన్సిలువారిని అడిగి రూఢిచేసికొనవలయును. 2014 తరువాత ఆంధ్రప్రదేశమునకును తెలంగాణమునకును కౌన్సిళ్లు వేరైనవి గాన ఏ రాష్ట్రపు రిజిస్టరో కనుగొనవలయును. మూడవది, ఏ తరగతి రిజిస్ట్రేషనో చూడవలయును. రెండేండ్లు చదివిన ఏ.ఎన్.ఎం. పట్టాయు, నాలుగేండ్లు చదివిన బి.ఎస్‌సి. నర్సింగు పట్టాయు ఒకటిగావు. నాలుగవది, గడువు తీరినపుడెల్ల మరల చూచి మినిట్సు పుస్తకమున వ్రాయవలయును.

విత్తనములు కొనునపుడు మూటమీది చీటీ చదువని రైతు లేడు. మన ఫ్యాక్టరీలో యంత్రమునొద్ద నిలుచువారు మన యూరివారే, పెక్కుమంది మన బిడ్డలే. వారి ప్రాణమును అప్పగించు చేతులనుగూర్చి అంతపాటి విచారణయైన చేయుడని రాబోవు సర్వసభ్య సమావేశమున మన డైరెక్టర్లను అడుగుట ప్రతిసభ్యుని హక్కు. అది మన విధియు గూడ.