మోటారు కదలనప్పుడు

నేడు మన స్త్రీలు పెక్కుమంది తమ కార్లను తామే నడుపుకొనుచున్నారు. తొలినాళ్ళలో కారు ముందు నిలిచి ఇనుపకడ్డీని బలముగా త్రిప్పిననే గాని ఇంజను కదలెడిది కాదు. ఆ కడ్డీ వెనుకకు తన్నగా చేతులు విరిగినవారును కలరు. అమెరికాలో చార్లెస్ కెట్టరింగు సిద్ధపరచిన విద్యుత్ స్టార్టరు 1912వ సంవత్సరపు కాడిలాక్ కార్లతో వచ్చిన పిమ్మట భుజబలముతో పని తగ్గెను. మన మెకానిక్కులు దీనినే సెల్ఫు అందురు.

ఆ సెల్ఫు పలుకనినాడు పలువురు బ్యాటరీ చెడినదని తలచి వెంటనే క్రొత్తది కొందురు. కొన్ని దినములకు అదియు ఖాళీ యగును. డబ్బు పోవును, దోషము మాత్రము నిలుచును.

బ్యాటరీ గాదె వంటిది. ఇంజను నడుచునపుడు బెల్టుచే తిరుగుచు దానిని నింపునది ఆల్టర్నేటరు. ఆ నిలువను ఖర్చుచేసి ఇంజనును మేల్కొలుపునది సెల్ఫు. గాదె వట్టిదైనచో, గాదెకే కన్నము పడినదా, పంటయే యింటికి రాలేదా యని విచారింపవలెను గదా! ఇచ్చటను అంతియే.

తాళము త్రిప్పునపుడు చెవియొగ్గి వినుడు. టకటకమని చప్పుడగుచు దీపములు మసకబారినచో బ్యాటరీలో శక్తి తక్కువ. లేదా తీగలు దానికి బిగువుగా అంటుకొనలేదు. దీపములు చక్కగా వెలుగుచున్నను సెల్ఫు తిరుగనిచో, సెల్ఫునో దాని రిలేనో శంకింపవలెను. అయితే ఆటోమేటిక్ బండి గేరు పార్కులో గాని న్యూట్రల్‌లో గాని లేకున్నను, కొన్ని కార్లలో క్లచ్చి తొక్కకున్నను సెల్ఫు పలుకదు. అది దోషము కాదు.

దారిలో బ్యాటరీ బొమ్మగల ఎఱ్ఱదీపము వెలిగినచో పంట వచ్చుట లేదన్నమాట. బెల్టు తెగియుండవచ్చును, ఆల్టర్నేటరు చెడియుండవచ్చును. కొన్ని కార్లలో ఆ బెల్టే నీటిపంపును గూడ త్రిప్పును గనుక, ఇంజను వేడెక్కకముందే బండిని భద్రమైన చోట నిలుపవలెను.

మల్టీమీటరను చిన్న సాధనముతో సందేహము తీరును. రాత్రి యంతయు నిలిచియున్న కారు బ్యాటరీలో 12.6 వోల్టులున్న నిండుగా నున్నట్లు, 12.2 అయినచో సుమారు సగము. ఇంజను నడుచుచుండగా సామాన్యముగా 13.8 మొదలు 14.4 వరకు నుండవలెను. అప్పుడును 12 దగ్గరనే నిలిచినచో క్రొత్త బ్యాటరీ కొని లాభములేదు.

బ్యాటరీ కొనలపై తెల్లని, పచ్చని పొడి పేరుకొన్నచో ఇంజను ఆపి, వంటసోడా కలిపిన నీటితో శుభ్రపరచవచ్చును. చేతికి తొడుగు ధరించి, మైనస్ గుర్తుగల తీగను మొదట విప్పి చివర బిగింపవలెను. బ్యాటరీలో ఆమ్లము కలదు. దానినుండి మండు వాయువు వెలువడును. కావున నిప్పు దరిజేరరాదు. ఇంజను నడుచుచుండగా బ్యాటరీ తీగను విప్పి పరీక్షింపబోవువారిని తప్పక వారింపుడు. నేటి కార్లలోని సున్నితమైన ఎలక్ట్రానిక్ భాగములు అందువలన చెడవచ్చును.

మన యెండలకు బ్యాటరీ త్వరగా ముదురుననుట నిజమే. అయినను క్రొత్తది కొనుడని చెప్పినవానిని, ఇంజను నడుచునపుడు ఎన్ని వోల్టులు వచ్చుచున్నవో కొలిచి చూపుమని అడుగుడు. ఆ యొక్క ప్రశ్న వేయనేర్చిన గృహిణి సొమ్ము వృథాపోదు. నడిరేయి నడిదారిలో నిలిచిపోవు కష్టమును చాలవరకు తప్పును.