ఆపరేషన్ వికటించి ప్రాణం పోతే: కుటుంబానికి ఉన్న హక్కు



కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చిన్నదే. లక్షలమంది చేయించుకొని సుఖంగా ఉన్నారు. అయినా ఎక్కడో ఒకచోట అజాగ్రత్త జరిగి, ఒక ఇంటి దీపం ఆరిపోతుంది. అప్పుడు "మా రాత ఇంతే" అని ఊరుకోవద్దు.

2022 ఆగస్టు 25న సాగర్ రోడ్డు మీది ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానలో ఒక్కరోజే 34 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశారు. కొద్దిరోజుల్లోనే నలుగురు తల్లులు చనిపోయారు. ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి 5 లక్షల రూపాయలు, ఇల్లు, పిల్లలకు గురుకులంలో చదువు ప్రకటించింది. అది ఆనాటి ప్రత్యేక సహాయం. ఎవరూ ప్రకటించకపోయినా హక్కుగా అడగదగిన పరిహారం వేరే ఉన్నది.

ఎంత వస్తుంది?

2016 సెప్టెంబరు 14న దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఈ పరిహారం రెట్టింపయింది. ఆపరేషన్ కారణంగా దవాఖానలో గాని, ఇంటికి పంపిన 7 రోజుల్లో గాని చనిపోతే 4 లక్షల రూపాయలు. 8 నుంచి 30 రోజుల లోపల అయితే 1 లక్ష. డాక్టరుదే తప్పని మీరు రుజువు చేయనక్కరలేదు. మరణానికి ఆపరేషనే కారణమని తేలితే చాలు.

ఏం చేయాలె?

1. ఆపరేషన్‌కు ముందే అంగీకార పత్రంలో భార్య లేక భర్త పేరు, పిల్లల పేర్లు సరిగ్గా రాయించండి. సొమ్ము వారికే అందుతుంది.

2. ఆ పత్రం నకలు, డిశ్చార్జి చీటీ పెట్టెలో భద్రంగా దాచండి.

3. దుఃఖంలో ఉన్నా పోస్టుమార్టం వద్దనకండి. మరణానికి కారణం తేల్చేది అదే. రిపోర్టు నకలు అడిగి తీసుకోండి.

4. 90 రోజుల లోపల జిల్లా వైద్య ఆరోగ్య శాఖ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి రసీదు పుచ్చుకోండి.

5. "ఇక ఏ కోర్టుకూ పోము" అని రాసిన కాగితం ఉంటే, చదివించుకోకుండా వేలిముద్ర వేయకండి.

నిర్లక్ష్యం జరిగిందని మీ అనుమానమా? నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లా కోర్టుల్లో న్యాయసేవాధికార సంస్థ ఉన్నది. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100 కు ఫోన్ చేయవచ్చు.

అన్నిటికంటె ముఖ్యం ప్రాణం. ఆపరేషన్ తర్వాత జ్వరం, వాంతులు, విపరీతమైన కడుపునొప్పి వస్తే "తెల్లారినంక చూద్దాం" అనుకోకండి. ఆ రాత్రే దవాఖానకు తీసుకుపోండి.